అమ్మ మాటకు ఇంగ్లీషు

రాయి కోసే మిషన్లు ఆపేసినా షెడ్డులో దుమ్ము ఇంకా నేలకు దిగలేదు. రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో బూడిదరంగు పొగలా తిరుగుతూనే ఉంది. మార్కాపురం దాటాక ఉన్న ఆ పలకరాయి ఫ్యాక్టరీలో పొద్దున్నుంచీ ఒకటే హడావుడి. విదేశాల్లో రాయి కొనే కంపెనీ తరఫున ఢిల్లీ నుంచి ఒకామె తనిఖీకి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. షెడ్డులో ఆడవాళ్లకు ఇంగ్లీషు రాదు. మధ్యలో సుమ నిలబడి ఉంది.

సుమ ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. కొనేవాళ్లకు ఉత్తరాలు రాయడం, ఫోనుల్లో మాట్లాడటం ఆమె పని. పొద్దున మేనేజరు ఆనంద్ బాబు ఆమెను పిలిచి, "నువ్వు బాగా మాట్లాడతావమ్మా, భయపడకు. షెడ్డులో వాళ్లు ఎక్కువ తక్కువ ఏదన్నా వాగితే నువ్వే సర్దెయ్" అని చెప్పాడు.

తనిఖీకి వచ్చినామె వరసగా చూసుకుంటూ పోయి ఒక మిషను దగ్గర ఆగింది. కొత్త మాస్కును కిందికి లాక్కొని దగ్గుతున్న మనిషిని చూపించి, ఈమెను అడగండి అంది.

ఆ మనిషి పద్మమ్మ. సుమను కన్నతల్లి.

ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తర్లుపాడు నుంచి తల్లీ కూతుళ్లు ఒకే ఆటోలో వస్తారు. ఫ్యాక్టరీ మలుపు రాకముందే సుమ దిగి నడిచి వస్తుంది. షెడ్డులో ఆడవాళ్లకు మాత్రం తెలుసు. "బిడ్డ కొత్తగా చేరింది, ఆఫీసోళ్ల దగ్గర మా మాట ఎత్తొద్దమ్మా" అని పద్మమ్మే వాళ్లను బతిమాలుకుంది. ఆ పని చెయ్యమని సుమ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా తల్లే చేసింది.

"ఈ దుమ్ముతో మీకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడుగుతున్నారు" అంది సుమ. తల్లిని మీరు అనడం అదే మొదలు.

పద్మమ్మ కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత చూపు దించి చేతులు కట్టుకుంది.

"ఉంది మేడం" అంది.

సుమకు చెవులు వేడెక్కాయి.

"దగ్గు పట్టుకొని శానా నెలలైంది మేడం. పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకొని కూచుంటా. నా పక్క మిషనామె ఇట్లనే దగ్గి దగ్గి పని మానుకొని పోయింది. ఇన్నాళ్లూ కొంగే ముక్కుకు కట్టుకున్యాం. ఈ మాస్కులు ఇయ్యాల పొద్దున ఇచ్చినారు. మాపటికి తిరిగి ఇయ్యాలంట. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పడతా ఉంటే దుమ్ము లేయదు మేడం. ఆ నీళ్ల పైపు పగిలి అట్లనే పడుంది. అది బాగు చేపిస్తే మాకదే పదివేలు."

వెనక ఆనంద్ బాబు గొంతు సవరించుకున్నాడు.

సుమ నవ్వింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పింది. వాతావరణం మారడం వల్ల ఈమెకు కొంచెం దగ్గు ఉంది. కంపెనీ మాస్కులు ఇచ్చి జాగ్రత్తగా చూసుకుంటున్నందుకు సంతోషంగా ఉంది. ఆ వాక్యాల్లో ఒక్క తప్పు లేదు.

"అంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" అని అడిగింది వచ్చినామె.

"పల్లెటూరి వాళ్లు కదండీ, కొంచెం సాగదీసి చెబుతారు."

ఆమె పద్మమ్మను మరోసారి చూసి ముందుకు నడిచింది.

ఇంత నేర్పు సుమకు పుట్టుకతో రాలేదు. డిగ్రీ అయ్యాక ఇంట్లో మేకల్ని అమ్మి ఆమెను మార్కాపురం బస్టాండు దగ్గర ఇంగ్లీషు, ఆఫీసు మాటతీరు నేర్పే శిక్షణ కేంద్రంలో చేర్చారు. మొదటిరోజు లేచి నిలబడి, "నేను తర్లుపాడు నుంచి వచ్చినాను. మా నాయన కంది వేస్తాడు" అనగానే తరగతంతా గొల్లుమంది. పాఠం చెప్పే అరుణకుమారి మాత్రం నవ్వలేదు. తర్వాత పక్కకు పిలిచి, "ఈ మాటతో పోతే గేటు దగ్గరే ఆపేస్తారమ్మా. నాదీ మీ పక్కన కొనకనమిట్లే. నన్నూ ఆపారు" అంది. ఆమె కడుపులో పెట్టుకొని నేర్పింది. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా కాదని ఎలా చెప్పాలో, పొడుగు మాటను ఎలా పొట్టి చెయ్యాలో, చెడ్డ కబురును మంచి మాటల్లో ఎలా రాయాలో. సుమ ఆకలిగొన్నదానిలా నేర్చుకుంది. ఆ చదువే ఆమెకు పన్నెండు వేల జీతం, ఫ్యాను కింద కుర్చీ ఇచ్చింది. నాన్న కందిచేను రెండేళ్లుగా వానల్లేక ఎండిపోతుంటే ఇంట్లో పొయ్యి వెలిగించింది. దాన్ని తిట్టుకోవడానికి సుమకు నోరు రాలేదు.

సాయంత్రం ఆటోలో పద్మమ్మ కూతురి పక్కనే కూచుంది. జుట్టు మీద, కనుబొమల మీద బూడిదరంగు దుమ్ము అలాగే ఉంది.

"నేను చెప్పిందంతా చెప్పినావా?"

"చెప్పినా మా."

"పైపు సంగతి?"

"అదీ చెప్పినా."

పద్మమ్మ ముఖం విప్పారింది. "అంత గడగడా మాట్లాడినావు! నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆయమ్మ చూడు, తలూపుతా ఎట్ల వినిందో!" కాసేపు దగ్గి, నోరు తుడుచుకొని, మళ్లీ అంది. "నిన్ను మేడం అన్న్యానని ఏమనుకోవద్దు. అక్కడ అట్లనే అనాల."

సుమ బయటికి చూస్తూ కూచుంది. తర్లుపాడు వచ్చేదాకా తల తిప్పలేదు.

మర్నాడు మాస్కులు లేవు. ఆ మర్నాడూ లేవు. ఆఫీసుకు వస్తున్న సుమను షెడ్డు ముందర వెంకటసుబ్బులమ్మ అనే పెద్దామె ఆపింది. కొంగు అప్పటికే ముక్కుకు చుట్టుకొని ఉంది.

"మీయమ్మ అంతా చెప్పినాది. మా బాధ దొరసాని దగ్గర విప్పి చెప్పినావంటనే! ఇంతకాలానికి మాకూ ఒక నోరొచ్చింది. ఇప్పుడు కాకపోయినా వారానికన్నా పైపు బాగు చేపిస్తార్లే. చల్లగా ఉండు తల్లీ." ఆమె చెయ్యి సుమ తల నిమిరింది. గరుకు చెయ్యి, వెంట్రుకలకు తగులుకుంది. సుమ తల ఎత్తలేకపోయింది. ఆ పూట కంప్యూటరు ముందు కూచుందే గాని ఒక్క ఉత్తరమూ రాయలేదు.

మధ్యాహ్నం ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. మిషను దగ్గర దగ్గుతున్న ఆమె చాలాసేపు మాట్లాడిందనీ, తనకు చెప్పింది తక్కువనీ, ఆమె అన్న మాటలన్నీ రాసి పంపమనీ తనిఖీకి వచ్చినామె అడిగింది.

ఆనంద్ బాబు కుర్చీ లాక్కొని సుమ పక్కన కూచున్నాడు. "ఏం లేదు, నాలుగు లైన్లు రాసెయ్. ఆ వర్కర్ ఇంటి కష్టాలు చెప్పుకుందని, కంపెనీ మీద ఏ కంప్లయింటూ లేదని. నీ స్టైల్లో నీట్‌గా ఉండాలి."

"ఆమె అట్ల అనలేదు సార్."

"అనకపోతే ఏంది? ఈ ఆర్డర్ పోతే షెడ్డు మూత పడుతుంది. అప్పుడు వాళ్లకు కూలీ ఎవరిస్తారు? నువ్వు చేసేది వాళ్ల మంచికే."

ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. సుమకు భయమేసింది. ఆర్డరు పోతే పోయేది అమ్మ కూలీ కూడా. అయినా వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. ఆ వర్కర్ అని కొట్టింది. చెరిపేసింది. మళ్లీ కొట్టింది.

ఆనంద్ బాబు వంగి తెరమీది ఇంగ్లీషు చదివాడు. మా అమ్మ పద్మమ్మ చెప్పిన మాటలు ఇవి, అని ఉంది.

"ఎవరి అమ్మ?"

"మాయమ్మే సార్. ఆ పొద్దు నేను సగం కూడా చెప్పలేదు."

అతను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అది తీసెయ్ సుమా" అన్నాడు.

"తీయను సార్."

నేర్చుకున్న మెత్తటి మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఆనంద్ బాబు చెయ్యి మౌసు మీదికి వచ్చి ఆగింది. సుమ కీబోర్డును ఒళ్లోకి లాక్కుని, నీళ్ల పైపు దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టింది.