శాతం గుర్తు చాటున

నూకరాజు మీటలు నొక్కడు, కొడతాడు. వట్లూరు కాలేజీల ఎదుటి డీటీపీ షాపులో ఆ చప్పుడుకి జడిసి పక్క హోటల్లో పూరీలు పొంగడం మానేశాయంటారు. సగం నమ్మినా చాలు. కొరమేను నెత్తిన కర్రతో మోదిన చెయ్యి అది. కొల్లేటి లంకలో పుట్టాడు. చేపల చెరువు గట్టు మీద జరిగిన కొట్లాటలో తండ్రినీ, సగం చెవినీ పోగొట్టుకుని ఇటు వచ్చిపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. మాటలు తక్కువ. పిల్లల సెమినార్లకు స్లయిడ్లు చేస్తూ జుట్టు నెరిసింది.

చేసేది లేటెక్ అనే సాఫ్ట్‌వేరుతో. అది ఉచితం గనక ఓనరు పాండురంగారావుకి దానిమీద మహా ప్రీతి. అందులో బొమ్మని మౌసుతో లాగి అతికించడం ఉండదు. ఏది ఎక్కడ రావాలో ఆజ్ఞలన్నీ వరసగా టైపు చేసి నడిపిస్తే స్లయిడ్లు తయారై వస్తాయి. ఏ లైను ముందైనా శాతం గుర్తు పెడితే ఆ లైను ఉన్నా లేనట్టే.

ఆ పొద్దున కొడుతున్నవి కాలేజీ స్లయిడ్లు కావు. లంకలో జాలర్ల సంఘం నడిపే వీరదుర్గవి. ఆమె నూకరాజుకి వరసకు చెల్లెలు. చేపల చెరువుల వాళ్ళు సరస్సులో దొంగగట్టు వేసి, అడ్డొచ్చిన జాలర్ల పడవలు తగలబెట్టిన సంగతి మధ్యాహ్నం ఏలూరులో అధికారుల ముందు చూపించాలి. ఆఖరి స్లయిడ్లో ఒక ఫొటో: మండుతున్న పడవ, పక్కన పెట్రోలు డబ్బాతో చెరువుల యజమాని కొడుకు శ్రీకర్. వీరదుర్గ ఫోన్ని వాళ్ళు నీళ్ళలోకి విసిరేశారు. అంతకుముందే పంపబట్టి ఆ ఫొటో నూకరాజు దగ్గర మాత్రం మిగిలింది.

ఆ సంగతి ఎలా పొక్కిందో, శ్రీకర్ ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. షట్టరు సగం దించారు.

"బాగున్నారా బాబాయ్? మా ప్రాజెక్టు స్లయిడ్లు మీరే చేశారండి, మర్చిపోలేదు. ఆ ఫొటో ఒక్కటీ తీసెయ్యండి."

"తియ్యనండి."

"ఏవండీ, మర్యాదగా అడుగుతున్నాం కదా. ఆ చెయ్యి ఇలా పెట్టండి."

మా వైపు అండీ అనకుండా ఎముక కూడా విరగ్గొట్టరు. కుడిచెయ్యి సొరుగులో పెట్టించి, సొరుగుని మోకాలితో మూశారు. తెరిచి, మళ్ళీ మూశారు. వేళ్ళు రొయ్యల్లా వంకర తిరిగాయి.

నూకరాజు ఎడమచేత్తో ఫొటో లైను ముందు శాతం గుర్తు పెట్టి, నడిపించి చూపించాడు. ఫొటో లేదు.

"ఇదేదో ముందే చేస్తే పోయేది కదండీ," అంటూ శ్రీకర్ అతని జుట్టు పట్టుకుని, ముఖాన్ని కీబోర్డుకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. ఇంకోసారి కొట్టాడు. మీటలు ఊడి ఎగిరాయి. వెనకవాడు తల మీద ఇనపకడ్డీతో ఒక్కటిచ్చాడు.

"వస్తామండి."

నూకరాజు కుర్చీలోకి పాకాడు. ఒక కంట్లో నెత్తురు, రెండోదాన్లో పొగమంచు. తడుముకుంటూ శాతం గుర్తు చెరిపాడు. నడిపించాడు. తెర మీద మంటల ఎరుపు మళ్ళీ వచ్చింది. అతనికి కనబడింది అంతే. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు.

వీరదుర్గ వచ్చి కెవ్వుమంది. "అన్నయ్యా! ఎవరు కొట్టారు? లే, ఆసుపత్రికి!"

"ముందు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళవే. తర్వాత ఏడుద్దువుగాని."

"నెత్తురు కారిపోతోంది!"

"అది ఎప్పుడో ఆగుద్ది. వాళ్ళ గట్టు ఆగదు. నడు."

ఆటో తెమ్మని హోటలాయన్ని కేకేసి, ఏడుస్తూనే ఆమె వెళ్ళింది. ఆటో వచ్చేసరికి నూకరాజు బల్ల మీద తలవాల్చి కునుకు తీస్తున్నట్టున్నాడు. హోటలాయన భుజం తట్టాడు. మళ్ళీ తట్టలేదు.

ఏలూరులో లైట్లార్పిన హాల్లో, గోడ మీద పడవ మండింది. శ్రీకర్ ముఖం పోల్చుకోడానికి ఎవరికీ కళ్ళద్దాలు అక్కర్లేకపోయింది.

"ఫొటో పైన ఆ రాతేంటమ్మా?" అన్నాడు అధికారి. "ఏ భాష?"

వీరదుర్గ చూసింది. మీటలూడిన కీబోర్డు, దాని నిండా నెత్తురు కళ్ళ ముందు కదిలాయి.

"మా అన్నయ్య నుదురండి," అంది.

గోడ మీద జీలూ హెచ్‌లూ బీలూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మంటల నెత్తిన నల్లగా నిలబడి ఉన్నాయి.