పంట్లాము అంచులో సీసం

మావారు దర్జీ. ఇరవై రెండేళ్లుగా ఆయన కత్తిరిస్తే నేను కాజాలు, గుండీలు, అంచులు కుడుతున్నాను. మా షాపు నుంచి వెళ్లిన బట్ట తిరిగి రావడమన్నది లేదు. గొంతులో గడ్డకి రేడియేషన్ ఇవ్వడానికి ఆసుపత్రిలో ముఖానికి ముసుగు చేసిన రోజున కూడా, ఆయన భయపడాల్సింది పోయి ముచ్చటపడ్డారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలని ముఖం మీద, మెడ మీద పరిచి అచ్చు తీస్తారు. రోజూ అది తొడిగి బల్లకి బిగిస్తే తల వెంట్రుకవాసి కదలదు. "ఫిట్టింగంటే ఇదీ!" అన్నారు బయటికొచ్చి.

మొత్తం ముప్ఫైమూడు సిట్టింగులు. పది దాటేసరికి గొంతు లోపలంతా పుండైపోయింది. మంచినీళ్లు మింగినా కళ్లనీళ్లు తిరిగేవి. మాట్లాడటమూ కష్టమై, ఏదైనా చెప్పాలంటే సుద్దతో కటింగ్ బల్ల మీద రాసేవారు. నేను జావ కాచి, గుడ్డు గిలక్కొట్టి, పాలు చల్లార్చి ఆయన చుట్టూ తిరిగేదాన్ని. రెండు చెంచాలు మింగి గిన్నె పక్కకి నెట్టేవారు. తల ప్రాణం తోకకొచ్చేది నాకు.

ఆసుపత్రిలో రోగుల తిండి సంగతి చూసే డైటీషియన్ ఒకమ్మాయి ఉంది. ఏది తిన్నారన్నా ఎన్ని గ్రాములని అడుగుతుంది కాబట్టి మా ఇద్దరి మధ్య ఆమె పేరు గ్రాములమ్మాయి. ప్రతి బుధవారం ఆయన్ని కాటా ఎక్కించి బరువు రాసుకుంటుంది. మొదటివారమే నాకు ముక్కుసూటిగా చెప్పింది.

"ఈయన చిక్కితే ముసుగు వదులవుతుందండీ. వదులైతే తల కదులుతుంది. అప్పుడు వైద్యం ఆపి, కొత్త అచ్చు తీసి, లెక్కలన్నీ మళ్లీ వెయ్యాలి. మనం ఆగిన ప్రతిరోజూ ఆ గడ్డకి కలిసొస్తుంది. మింగలేకపోతే చెప్పండి, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి తిండి పంపిద్దాం."

గొట్టమనగానే మావారు ససేమిరా అన్నారు.

మూడో బుధవారం కాటా యాభై ఎనిమిది చూపించింది. అంతకుముందు వారమూ అంతే. నేను లోలోపల పొంగిపోయాను. గ్రాములమ్మాయి మాత్రం రాయడం ఆపి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"మిషన్ దగ్గర టెక్నీషియన్ ఫోన్ చేశారు. ముసుగు కింద వేలు పడుతోందట. బరువు తగ్గకుండా ముసుగెలా వదులైందండీ?"

నేను ఒంటికాలి మీద లేచాను. "మీ కాటా మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా? ఆయనేమన్నా అబద్ధాలాడే మనిషా?"

"ఒక వేలే కాబట్టి సరిపోయింది. రెండు వేళ్లు పడితే ఆపేస్తారు," అందామె మెల్లగా.

మావారు గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి ఆ కోపంలోనే ఆయన పంట్లాము ఉతుకుదామని బకెట్లోకి విసిరాను. ఠంగుమంది. బట్ట బకెట్లో పడితే అలాంటి చప్పుడు రాదు. తీసి చూస్తే, కాళ్ల దగ్గర అంచు నేను కుట్టింది కాదు. నా కుట్టు దగ్గర దగ్గరగా పడుతుంది, ఆయనది ఏటవాలుగా పోతుంది. విప్పాను. గాలికి కర్టెన్లు ఎగరకుండా అంచులో వేసే సీసపు బిళ్ళలు వరసగా బయటపడ్డాయి. నడుం పట్టీలో ఇంకొన్ని. రెండు వారాలుగా మావారు నా చెవిలో పువ్వు పెట్టారు. నేనేమో పోయి దాన్ని ఆ అమ్మాయి చెవిలో పెట్టబోయాను.

టేపు తీసుకుని ముందుగదిలోని షాపులోకి వెళ్లి, ఆయన మెడ చుట్టూ వేశాను. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మెడ పదిహేనున్నర అంగుళాలు. టేపు పద్నాలుగు దగ్గర కలిసింది.

"కాటా కోసం సీసం కుట్టారు. మరి దీనికేం కుడతారు?"

ఆయన సుద్ద తీసుకున్నారు. 'ముక్కులో గొట్టంతో కొలతలెలా తీసుకోను? జనం పారిపోతారు.'

"పారిపోనివ్వండి! నాకు జనం కాదు, మీరు కావాలి. నాకు భయంగా ఉందండీ. మీరు లేకపోతే ఎవరు కత్తిరించిన బట్టకి నేను అంచులు కుట్టను?" అని ఏడ్చేశాను. ఇన్నాళ్లూ ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను గానీ, సీసం కుట్టుకున్న మనిషి దగ్గర నాకా మొహమాటం అక్కర్లేదనిపించింది.

ఆయన ముందు రాసింది చేత్తో తుడిచేసి, చిన్న అక్షరాలతో రాశారు. 'అది వేశాక మళ్లీ నోటితో తింటానా?'

అదీ అసలు సంగతి.

మర్నాడు పొద్దున్నే బిళ్ళలన్నీ గ్రాములమ్మాయి బల్ల మీద గుమ్మరించాను. "నిన్న మీ కాటా మీద తూగింది ఇవమ్మా. నేనన్న మాటలకి ఏమీ అనుకోకండి." ఆమె తిట్టలేదు, నవ్వలేదు. వాటిని తూచి, కిలో ఆరువందలని రాసుకుంది. ఆయన ప్రశ్న నేనే అడిగాను.

"గొంతు మానగానే తీసేస్తామండీ. అప్పటిదాకా రోజూ కొన్ని చెంచాల నీళ్లు నోటితోనే మింగాలి, మింగడం మర్చిపోకుండా."

"అంటే కచ్చా కుట్టండీ," అన్నాను ఆయనతో. "అసలు కుట్టు పడ్డాక లాగేస్తారు." ఆయన తలూపారు.

ఆరోజే గొట్టం వేశారు. అప్పట్నుంచి మా ఇంట్లో గడియారం చెప్పిందే మాట. మూడు గంటలకోసారి ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, వడగట్టిన పాలూ గుడ్డూ, ఆసుపత్రిలో ఇచ్చిన పొడీ సిరంజితో గొట్టంలోకి మెల్లగా పోసి, చివర్లో నీళ్లు పంపి, అరగంటదాకా పడుకోనిచ్చేదాన్ని కాదు. గొట్టం కొస వేలాడకుండా చొక్కా కాలరుకి చిన్న గుడ్డ ఉచ్చు కుట్టాను. వంకరగా ఉందని ఆయన విప్పేసి మళ్లీ కుట్టుకున్నారు. నా కుట్టుకి ఆయన వంక పెట్టాక నాకు ధైర్యం వచ్చింది, మనిషి తిరిగొస్తున్నాడని.

కోటు ట్రయల్‌కి ఒకాయన వచ్చాడు. గొట్టం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మావారు టేపు మెడలో వేసుకుని ఎదురెళ్లి నిలబడ్డారు. వచ్చినాయన కాస్త తటపటాయించి చేతులు చాచాడు. వెళ్తూ వెళ్తూ, ఎడమ భుజం కొంచెం దించమన్నాడు. అంతే.

చెంచాల నీళ్లు మాత్రం పెద్ద యుద్ధం. మొదటివారం మూడు, తర్వాత ఐదు, ఆపైన పది. ప్రతి చెంచాకీ ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకునేవారు. నేను లెక్కపెట్టేదాన్ని. ఒక్కటి ఎగ్గొట్టబోయినా ఊరుకోలేదు.

ముప్ఫయ్యో సిట్టింగు రోజున తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల ముసుగు క్లిప్పులు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు వినిపించింది. వైద్యం ఆగలేదు. కాసేపటికి ఆయన బయటికొచ్చారు. నుదుటి మీద, చెంపల మీద వల గళ్లు ఎర్రగా అచ్చుపడ్డాయి. నా పక్కన కూర్చుని, సుద్ద కోసం జేబులో చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశారు. మూడు వారాల తర్వాత నాకు ఆయన గొంతు వినిపించింది.

"బిగుతుగా ఉంది," అన్నారు.

ఇరవై రెండేళ్లలో ఆ మాట అన్న ఏ మనిషినీ నేను అలా కావలించుకోలేదు.