గుండె లెక్క

"ఈ వైర్లు పెట్టాక కరెంటు పోయి మళ్లీ వస్తే, ఒక్కసారిగా నాకు షాక్ కొట్టదు కదే?" అంది అమ్మ, ల్యాబు కుర్చీలో ఇంకా కూర్చోకముందే.

కూతురు నవ్వి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. ఇది బ్యాటరీతో నడిచేదేనని చెబుతూ ఛాతీ మీద రెండు, నడుం పక్కన ఒకటి, చల్లటి బిళ్లలు అంటించింది.

కూతురి పీహెచ్‌డీ గురించి ఆమెకు అర్థమైంది ఇంతే. గుండె కొట్టుకోవడం, కడుపులో తిప్పడం లాంటివి మనిషికి ఎంత సరిగ్గా తెలుస్తాయి, తెలిసినదాన్ని ఏమని అనుకుంటాడు, దాన్నిబట్టి భయం పెరుగుతుందా తగ్గుతుందా అని చూడటం. వచ్చే వారం నుంచి ల్యాబుకు జనం వస్తారు. ఈలోగా యంత్రాన్ని పరీక్షించుకోవడానికి ఒక మనిషి కావాలి. "భయమంటే మీ అమ్మను మించిన మనిషి నీకెక్కడ దొరుకుతుంది?" అన్నాడట తండ్రి. కూతురు ఆ మాట నవ్వుతూ చెబితే తనూ నవ్వేసింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగినదానికి ఇంకేం చేతనవుతుంది? పెళ్లైన కొత్తలో అత్తగారు చుట్టాలకు తనను చూపించింది కూడా అలాగే, "మా కోడలు మంచిదే, కాకపోతే ఒట్టి పిరికిది" అని. ఫోన్ మోగితే భయం, మోగకపోతే మరీ భయం. అది నిజమే. కానీ దడ వచ్చినప్పుడల్లా అదేమిటో ఇంట్లో ఎవరో ఒకరు తనకంటే ముందే చెప్పేసేవారు. కూర మాడిందని ఆయన కంచం తోసేసినప్పుడు వచ్చినదీ భయమే, నలుగురిలో "దానికేం తెలుసు" అన్నప్పుడు వచ్చినదీ భయమే. ఆమెకూ అలవాటైపోయింది. ఇక ఈ యంత్రం వాళ్లన్నదంతా నిజమని అంకెలేసి మరీ తేల్చేస్తుంది. తేలితే తేలింది, కన్నకూతురి ఎదురుగా తేలడమే ఆమెకు కష్టంగా ఉంది.

నాడి పట్టుకోకూడదు, ఛాతీ మీద చెయ్యి వేయకూడదు, ఊరికే కూర్చుని గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాలి. అర నిమిషం అయ్యాక ఆమె యాభై అంది. యంత్రం ముప్పై ఆరు చూపించింది.

"అన్ని ఎక్కడివమ్మా?"

"నీ మెడ కింద గుంటలో కొట్టుకుంటోందిగా, అదే లెక్కపెట్టాను. ఏమిటే అంత వేగం? పొద్దున్న ఏమైనా తిన్నావా అసలు?"

కూతురికి నవ్వాగలేదు. తల్లి ఒళ్లో తలపెట్టి మరీ నవ్వింది. "నీ గుండెమ్మా, నీది" అంటూ కళ్లు తుడుచుకుని, కుర్చీని గోడవైపు తిప్పేసింది.

ఈసారి ఆమె కళ్లు మూసుకుంది. ముందు ఫ్యాను వినిపించింది, తరవాత వరండాలో ఎవరివో చెప్పుల చప్పుడు. ఆ తరవాత ఎక్కడో లోపల, తన మానాన తను పని చేసుకుపోతున్నట్టు, నెమ్మదిగా అది. ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా అనుకుంది. ముప్పై నాలుగు అని చెప్పింది. యంత్రం ముప్పై ఐదంది. మా ల్యాబులో పనిచేసేవాళ్లెవరికీ ఇంత దగ్గరగా రాలేదని కూతురు పొంగిపోతుంటే, ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. వైర్లు కదలకుండా కూతురే స్పీకర్ నొక్కింది. ఉతికిన తువ్వాళ్లు ఏ అరలో ఉన్నాయని భర్త అడిగాడు. కింద నుంచి రెండో అర అని చెప్పింది, ముప్పై ఏళ్లుగా చెబుతున్నట్టే.

"సరే గానీ, యంత్రాన్ని చూసి దడుసుకున్నావా లేదా, పిరికిదానా? ఇంటికొచ్చాక చెబుదువుగాని, నలుగురం నవ్వుకుందాం" అని పెట్టేశాడు.

తెర మీద నిమిషానికి డెబ్బై దగ్గరున్న అంకె గబగబా ఎక్కి నూట నాలుగు దగ్గర ఆగింది. ఇద్దరూ చూశారు. నవ్వుతున్న కూతురి మొహం మెల్లగా మారింది. జవాబు రాసుకునే ఫారం ముందుకు లాక్కుని కలం తీసుకుంది.

"అమ్మా, ఇప్పుడు నీకేమనిపించింది?"

భయమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది. కళ్లు మూసుకుని మళ్లీ విన్నది. కూతురు మాట అందించలేదు, తొందరపెట్టలేదు, కలం పట్టుకుని అలాగే కూర్చుంది. తెర మీద అంకె ఒక్కొక్కటే తగ్గుతూ ఎనభైకి వచ్చింది.

"భయం కాదు తల్లీ" అంది చివరికి. "కోపం. కంచం తోసేసినప్పుడు కూడా కోపమే."