వదిన అడిగిన అంకె

లిఫ్టు బాగుచేస్తూ భర్త చనిపోయిన దగ్గర్నుంచీ ఆమె లిఫ్టు ఎక్కడం మానేసింది. ఆమె పనిచేసే కుట్టు కార్ఖానా నాలుగో అంతస్తులో ఉంది. అక్కడ ఆమె కటింగ్ మాస్టరు. నర్సుల దుస్తులకు వచ్చిన బట్టను బల్ల మీద దొంతరగా పరిచి, సుద్దతో గీత గీసి, కోత మిషనుతో కోస్తుంది. పొద్దున మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో నోట మాట రాదు. తోటివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అదొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదే. కానీ కార్ఖానా తలుపును ఆనుకునే లిఫ్టు ఉంది. అది వచ్చి ఆగినప్పుడల్లా టింగుమని గంట మోగేది. ఆ చప్పుడుకి గీస్తున్న గీత వంకరపోయేది.

ఇంట్లో ఆమె, అత్తగారు, ఇద్దరే. ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చేవారు. అత్తగారు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని, కోడలు వంటింట్లో మిక్సీ వేసుకుని. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తినేవారు.

చనిపోయినవాడికి ఒక అక్క ఉంది. తల్లి పనికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. ఒకప్పుడు బ్యూటీ పార్లరు నడిపేది. తర్వాత ఆ గదిలోనే అద్దాలు పీకించి, గోడలకు లేత నీలం రంగు వేయించి, శక్తి చికిత్స మొదలుపెట్టింది. ఒంట్లో ఇరుక్కుపోయిన దుఃఖాన్ని వేళ్లతో తట్టి కదిలించవచ్చంటుంది. కనుబొమ చివర, కంటి కింద, గడ్డం మీద, మెడ ఎముక దగ్గర తడుతుంది. తట్టేముందు ఒక ప్రశ్న అడుగుతుంది: "సున్నా నుంచి పదిలోపు, ఇప్పుడు నీ బాధ ఎంత?" తట్టాక మళ్లీ అదే ప్రశ్న. అంకె దిగితే చికిత్స పారినట్టు.

వదిన మోసగత్తె కాదు. మనసారా నమ్మిన మనిషి. తమ్ముడు పోయాక ఎవరి ముందూ కంట తడి పెట్టకుండా, తన మొహం తానే తట్టుకుంటూ తట్టుకుంది.

వదినకు ఆన్‌లైన్లో పెద్ద గుంపే ఉంది. అందులో ఎవరికివారు తమ అంకెలు చెప్పుకుంటారు. తమ్ముడు పోయిన బాధ తనకి సున్నాకి దిగిందని వదిన కూడా అక్కడ చెప్పింది. గుంపుకి కొన్ని మర్యాదలున్నాయి. "పనిచెయ్యలేదు" అనకూడదు, "నా అంకె ఇంకా కదలలేదు" అనాలి. "అబద్ధం" అనే మాట అసలు వాడకూడదు. ఎవరైనా ఏమైనా చెబితే ముందు "పంచుకున్నందుకు ధన్యవాదాలు" అనాలి. తిట్లు లేవు, ఎగతాళి లేదు. లోకంలో అంత మర్యాదగల చోటు ఇంకోటి ఉండదేమో అనిపించేది చూసేవాళ్లకి.

వదిన పట్టుబట్టి మరదల్ని కూచోబెట్టింది. వారానికోసారి కెమెరా ముందు, అందరూ చూస్తుండగా.

"ఆ లిఫ్టు గంట తలుచుకో. ఎంత?"

"పది."

తట్టింది. "ఇప్పుడు?"

"పదే వదినా."

పై వారమూ పదే. ఆ పై వారమూ పదే. కింద వ్యాఖ్యలు వచ్చి పడేవి. 'పంచుకున్నందుకు ధన్యవాదాలు అక్కా. మీరే ఆ బాధను వదలడం లేదేమో, ప్రేమగా ఆలోచించి చూడండి.' 'గౌరవంగా ఒక మాట: కొందరికి దుఃఖం కూడా ఒక అలవాటు.' 'మీలోని అడ్డుగోడకు నా నమస్కారాలు.' ప్రతిదాని చివరా ఒక పువ్వు. మెత్తటి చెప్పుతో కొట్టడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు అర్థమైంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. పువ్విచ్చినవాణ్ణి ఏమంటుంది?

ఒక వారం వదిన తల్లిని కూచోబెట్టింది. ముసలావిడ కెమెరా కేసి కాకుండా కూతురి కేసి చూస్తూ, ముందు తొమ్మిదంది. తట్టాక రెండంది. గుంపంతా పొంగిపోయింది. వదిన తల్లిని కావలించుకుని, "చూశావా అమ్మా!" అని చిన్నపిల్లలా సంబరపడింది.

ఇంటికొచ్చాక కోడలు అడగనే అడిగింది. "రెండా అత్తయ్యా? నిజంగా?"

"నా తలకాయ రెండు. దానికేదో ఒకటి చెప్పాలిగా."

"మరి ఎందుకు చెప్పారు?"

"పదంటే దాని మొహం ఎలా అయిపోతుందో నువ్వు చూడట్లేదు. తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయింది, కనీసం మనల్నైనా బాగుచేద్దామని చూస్తోంది పిచ్చిది. పదీ పదీ అంటూ నువ్వు దాన్ని తినేస్తున్నావు."

"నేనా?"

"కొడుకెలాగూ పోయాడు. కూతురైనా మిగలనీ తల్లీ నాకు. వచ్చేసారి ఒక్క చిన్న అంకె చెప్పు. నీ సొమ్మేం పోయింది?"

పై వారం కోడలు కెమెరా ముందు కూచుంది. గుమ్మంలో అత్తగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వదిన వేళ్లు కంటి కింద తగులుతుంటే, ఆ చేతులు భర్త చేతుల్లానే ఉన్నాయని మొదటిసారి గమనించింది. అవే పొట్టి వేళ్లు, అవే వెడల్పు గోళ్లు.

"ఇప్పుడెంత?"

ఏడో ఆరో చెబుదామనుకుంది. ఎలాగూ అబద్ధమే, ఏడైతేనేం, ఇంకొకటైతేనేం, మళ్లీ మళ్లీ ఈ కుర్చీలో కూచోనక్కర్లేకుండా పోతుందనిపించింది.

"సున్నా."

వదిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తెర మీద పువ్వులు వాన కురిసినట్టు కురిశాయి. ఎవరో ఏడుస్తున్నామని రాశారు. వదిన నవ్వుతూ అందరికీ నమస్కారం పెట్టి కెమెరా ఆపింది. ఆపగానే ఆ నవ్వు పోయింది.

"నిజంగానే సున్నానా?"

"మీరేగా తగ్గాలన్నారు వదినా."

"తగ్గాలన్నాను. ఏడాది కూడా తిరగలేదే! మా తమ్ముడు అప్పుడే అంత పరాయివాడైపోయాడా నీకు?"

ఆమెకి కాసేపు ఏం వింటోందో అర్థం కాలేదు. "మీది కూడా సున్నా అని అందరికీ చెప్పారుగా."

"నాదీ నీదీ ఒకటా? నేను రాత్రింబవళ్లు యాతనపడి తెచ్చుకున్నాను. నీకు పట్టుమని గంట పట్టలేదు. కట్టుకున్నదానివి, నీకే లేకపోతే ఇంక వాడికోసం ఎవరికుంటుంది బాధ?"

అంతా అబద్ధమని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అత్తగారు గుమ్మంలోంచి వద్దన్నట్టు తలాడిస్తోంది. ఆ మాట మింగేసి చెప్పులేసుకుంది.

ఆ తర్వాత వదిన ఎవరితో ఏమందో తెలియదు గానీ, బంధువుల మాట తీరు మారింది. "నీకేమ్మా, తేరుకున్నావుగా," అనేవారు. 'తేరుకున్నావు' అన్నమాట తప్పుచేసినదాన్ని అన్నట్టు వినిపించేది. అటు వీడియో మాత్రం గుంపులో అన్నిటికంటే పైన పెట్టే ఉంది: 'పది నుంచి సున్నాకి. ఒక భార్య కథ.'

ఒక ఆదివారం వదిన కారేసుకుని వచ్చి తల్లి బట్టలు సర్దింది. "అమ్మకింకా మందూ మాకూ కావాలి, నా దగ్గరుంటేనే మంచిది. నీకు ఫరవాలేదుగా, ఒక్కదానివే ఉండగలవు," అంది. అత్తగారు వద్దనలేదు. కారెక్కుతూ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతే, వదిలేసింది.

ఆ వారమే ఆమె గుంపులో రాసింది. రాసి, చెరిపి, మళ్లీ రాసింది. మర్యాద ఎక్కడా తప్పకూడదని ఒక్కో మాటా చూసుకుంది. 'అందరికీ నమస్కారం. గౌరవంగా చెబుతున్నాను. ఆరోజు నేను చెప్పిన సున్నా నిజం కాదు. నా బాధ అప్పుడూ పదే, ఇప్పుడూ పదే. పది వరకే చెప్పమన్నారు కనక పది. నాలా అంకె కదలనివాళ్లు ఎవరైనా ఉంటే, ఆ వీడియో చూసి తమలోనే లోపం ఉందనుకోవద్దు. ఇందులో వదిన తప్పేమీ లేదు. దయచేసి ఆ వీడియో తీసెయ్యండి.'

పంచుకున్నందుకు ధన్యవాదాలన్నారు. మీ ప్రయాణాన్ని గౌరవిస్తున్నామన్నారు. ఇలాంటి మాటలు ఇతరుల నమ్మకాన్ని గాయపరుస్తాయని మృదువుగా గుర్తుచేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె రాసింది కనిపించలేదు. సాయంత్రానికి ఆమె ఫోన్లో గుంపే తెరుచుకోలేదు. వీడియో ఇంకా ఉందని కార్ఖానాలో గుండీలు కుట్టే ఆవిడ తన ఫోన్లో చూపించింది. దాని కింద కొత్త పువ్వులు కూడా ఉన్నాయి.

కొన్నాళ్లకి అత్తగారు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"నువ్వేదో మర్యాద లేకుండా రాశావంట?"

"మర్యాదగానే రాశానత్తయ్యా."

"ఏమో, నాకు చదవడం రాదు. క్షమాపణ చెబితే పోనిస్తానంటోంది మీ వదిన. చెప్పెయ్యి. అప్పుడు నన్ను వచ్చి చూసిపోవచ్చు."

"ఏమని చెప్పాలి?"

"సున్నా నిజమేనని," అంది అత్తగారు. "నువ్వు అబద్ధమన్న దగ్గర్నుంచీ నన్ను రోజూ నిలదీస్తోంది, నీ రెండు కూడా అలాంటిదేనా అని. ఏం చెప్పను? తూలిపోతోంది అది. ఒక్క మాట, తల్లీ."

కార్ఖానాలో మిషన్లు ఆగాయి, అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది.

"ఆయన విషయంలో సున్నా అని ఇంకోసారి అనలేనత్తయ్యా," అంది చివరికి.

"సరే," అంది ముసలావిడ. కోపంగా కాదు, అలసటగా. ఫోన్ పెట్టేసింది.

ఈమె క్షమాపణ చెప్పలేదు. అటునుంచి మళ్లీ ఫోనూ రాలేదు.