వినదగిన గుండె

మెడికల్ కాలేజీలో ఆయన్ని అందరూ గుండె బాబాయ్ అనేవారు. ఆయన గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోదు. స్టెతస్కోపు పెడితే పాము బుస కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ బుసంటే ప్రొఫెసర్‌కి మహా ముద్దు. ఏటా ఫైనల్ పరీక్షలకు కారు పంపి మరీ పిలిపించేవాడు. విద్యార్థి విని జబ్బేమిటో చెప్పాలి. అదీ పరీక్ష.

భార్య పోయాక ఆయన్ని పలకరించే దిక్కు లేదు. పరీక్షల నాడు మాత్రం పొద్దుటి నుంచీ ఎవరో ఒకరు ఛాతీ మీద చెయ్యి వేసి, "నొప్పిగా ఉందా బాబాయ్?" అని అడుగుతూనే ఉంటారు.

ఈసారి ఆయన ఒక సంగతి దాచాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. కుర్చీలోనే నిద్ర. చెబితే ఆపరేషన్ అంటారు. వాల్వు బాగైతే బుస ఉండదు. బుస లేని గుండెను ఎవరు వింటారు?

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. కిందటిసారి తప్పిన పిల్ల. స్టెతస్కోపు ఆయన ఛాతీకి ఆనించింది.

"చల్లగా ఉందా బాబాయ్?"

"ఐసుగడ్డలా ఉంది. పర్లేదు, కానియ్." గొంతు తగ్గించి, "వాల్వు లీకు. రాసేసుకో," అన్నాడు. ఏటా అందరికీ చేసే ఉపకారమే.

ఆమె రాసుకోలేదు. వీపు మీద పెట్టి మళ్లీ మళ్లీ వింది. ఈలోగా ప్రొఫెసర్, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ వచ్చి నిలబడ్డారు.

"వాల్వు లీకు సార్. ఊపిరితిత్తుల్లో నీరు కూడా చేరింది. ఈయన్ని ఇప్పుడే అడ్మిట్ చెయ్యాలి."

ప్రొఫెసర్ నవ్వాడు. "ఈయన ఛాతీ నాకు కంఠతా వచ్చమ్మా! నీరూ లేదు, నిప్పూ లేదు. లేనిది వినిపిస్తే ఫెయిలే."

ప్రొఫెసర్ స్టెతస్కోపు మెడలో వేలాడుతూనే ఉంది. ఎగ్జామినర్ పెన్ను తీశాడు.

అమ్మాయి మొహం పాలిపోయింది. అయినా వదల్లేదు. "బాబాయ్, పడుకుంటే ఆయాసం వస్తోందా?"

లేదంటే చాలు. వచ్చే ఏడాదీ కారు వస్తుంది. ఈ పిల్ల మాత్రం మళ్లీ తప్పుతుంది. బాబాయ్ ప్రొఫెసర్ వైపు తిరిగాడు.

"ఈ పిల్ల చెవులు మంచివి డాక్టరుగారూ. నెల నుంచీ కూర్చునే నిద్రపోతున్నా. నేను చెప్పలేదు. మీరూ అడగలేదు."

ప్రొఫెసర్ స్టెతస్కోపు చెవులకు తగిలించి, వీపుకి ఆనించాడు. నవ్వు మాయమైంది.

ఆపరేషన్ గండం గడిచింది. ఒకరోజు ప్రొఫెసర్ వెంట విద్యార్థులు గుంపుగా వార్డులోకి వచ్చారు. బాబాయ్ అప్పటికే చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడు. పరీక్ష పాసైన ఆ అమ్మాయి కుట్లకు తగలకుండా స్టెతస్కోపు పెట్టి వింది.

"బుస లేదు బాబాయ్! నిక్షేపంలా ఉంది!" అంది సంబరంగా.

"ఇంకోసారి చూడమ్మా. సరిగ్గా విన్నావో లేదో."

ఆమె ఇంకోసారి వింది. నవ్వుతూ తల అడ్డంగా ఊపింది.

"ఇలా రండి, ఇక్కడ మంచి కేసుంది," అని పక్క మంచం దగ్గర నుంచి ప్రొఫెసర్ కేకేశాడు. అందరూ అటు పరిగెత్తారు. వెనకాలే ఆ అమ్మాయీ.

బాబాయ్ గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తొందరేమీ లేదు.