ఒడిబియ్యం చీర

నీళ్లు నిండి ఉండగానే వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. తలుపు తెరుచుకోవడం లేదు. లోపల మా అమ్మాయి సుహాసిని తెల్లటి నర్సింగ్ యూనిఫాం ఉంది. అది లేకుంటే ఈరోజు ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. నల్గొండ బస్సుకు అరగంటే ఉంది.

"అమ్మా, జర జల్ది!"

ప్లగ్గు తీసి, కింది మూత తిప్పాను. బకెట్లోకి నీళ్లు కారాయి, వెంటే ఉబ్బిన బియ్యం.

"అత్తమ్మా, దీంట్ల ఏమేసిన్రు?"

"నీ ఒడిబియ్యం చీరనే బిడ్డా." పుట్టింట్లో మా అమ్మ పసుపు కలిపిన బియ్యంతో నా ఒడి నింపి పంపిన చీర అది.

"కొంగు ముడి ఇప్పలేదా?"

"మీ అమ్మ కట్టిన ముడి నేనెట్ల ఇప్పుత? నువ్వే ఇప్పాలె గద!"

తలుపు టక్కుమని తెరుచుకుంది. బియ్యానికున్న పసుపు సబ్బు తగిలి ఎర్రబారి, యూనిఫాం అంతా పాకింది. సుహాసిని ఏడుస్తూనే దాన్ని నా చేతిలోంచి లాక్కుని, తడిగానే తొడుక్కుని బస్సుకు పరుగెత్తింది.