కాలరు కింద సూది

దర్జీ నల్లగౌను కాలరు మడిచి, దాని కింద దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చాడు. ఆయన కుట్టిన ప్రతి వకీలు గౌనుకీ అది ఉండాల్సిందే. వాదనకి లేచినప్పుడు కుట్టు ఊడితే వకీలు పరువు పోతుంది, ఆ వెనకే దర్జీదీ పోతుంది. కోర్టు గేటుకి ఎదురుగా ఉన్న ఆ ఇరుకు కొట్లోనే ఆయన జుట్టు నెరిసింది, మెడ ఓ పక్కకి ఒరిగిపోయింది. ఏ వకీలుకి పొట్ట పెరుగుతోందో వాళ్ళావిడకంటే ముందు దర్జీకే తెలిసేది.

ఇవాళ మాత్రం పని మధ్యలోనే ఆపి కొట్టు మూశాడు. కూతురు లా చదివింది. జూనియరుగా చేరడానికి ఎందరు వకీళ్ళ గుమ్మాలు ఎక్కినా "మీవాళ్ళలో వకీళ్ళెవరున్నారమ్మా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. చివరికి దర్జీ దగ్గర ఎప్పటినుంచో గౌన్లు కుట్టించుకునే సీనియరు ఒకాయన చేర్చుకున్నాడు. చేరిన నాటినుంచి కాగితాల కట్టలు మోయడమే గాని, జడ్జి ముందు నోరు విప్పింది లేదు. ఇవాళ ఒక కేసులో వాయిదా నువ్వే అడుగు అన్నాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క. అద్దం ముందు అమ్మాయి దాన్ని ఎంతగా వల్లించిందంటే, ఇంట్లో గిన్నెలకి కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది. ఇదీ తప్పిపోతే పిన్ని వాళ్ళ ఊళ్ళో బట్టల కంపెనీలో చేరిపోతానంది. అక్కడ రేపు చేరకపోతే ఆ ఉద్యోగమూ ఉండదు.

దర్జీ కోర్టు హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూతురి భుజాల మీద గౌను ముడత లేకుండా కూర్చుంది. చూసుకుని మురిసిపోయాడు. అంతలో సీనియరు గౌను కుర్చీ మేకుకి తగులుకుని చంక దగ్గర పర్రుమని చిరిగింది.

అమ్మాయి చెయ్యి దానంతట అదే తన కాలరు కిందకి వెళ్ళింది. సూది చూసి సీనియరు ముఖం విప్పారింది.

"బతికించావమ్మాయ్! తర్వాతి కేసులో నేను లేవాలి. నీకు చేతనైన పనేగా, గబగబా రెండు కుట్లెయ్యి."

"ఈలోగా మన వాయిదా కేసు పిలుస్తారేమోనండీ..."

"వాయిదాయేగా, మావాడు అడుగుతాడులే."

మావాడంటే నిన్నగాక మొన్న చేరిన మేనల్లుడు. బంట్రోతు కేసు పిలిచాడు. కుర్రాడు లేచి, తడబడుతూనే వాయిదా అడిగాడు. జడ్జి తలూపాడు. అమ్మాయి తల వంచుకుని కుడుతూనే ఉంది. కుట్టు చక్కగా పడుతోంది. దర్జీకి ముందు అదే కనబడింది, ఆ తర్వాత సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సూది పెట్టింది తనే. వెళ్ళి ఆ గౌను లాక్కుని తనే కుట్టాలనిపించింది. కానీ సీనియరుని ఏమని అడుగుతాడు? ఆయన తిట్టలేదు, కసరలేదు, పైపెచ్చు మెచ్చుకున్నాడు.

సాయంత్రం అమ్మాయి పెట్టె పట్టుకుని కొట్టుకి వచ్చింది.

"ఇంకొన్నాళ్ళు చూడకూడదా తల్లీ? ఆయన మంచివాడే."

"మంచివాడే నాన్నా. రేపు బొత్తాం ఊడినా నన్నే పిలుస్తాడు."

"సూది లేదనెయ్యాల్సింది."

"నువ్వు పెట్టావుగా. లేదని ఎలా అంటాను?"

దర్జీ పెట్టె అందుకుని, బస్సెక్కించి తిరిగొచ్చాడు.

ఇవ్వాల్సిన గౌన్ల వరస చివర అమ్మాయి గౌను వేలాడుతోంది. కొత్తదే కదా, కొలత సరిచేసి ఎవరికైనా ఇచ్చెయ్యమని వదిలి వెళ్ళింది. అలవాటుకొద్దీ కాలరు ఎత్తి చూశాడు. సూది దాని చోటులోనే ఉంది, కొత్త దారం ఎక్కించి, చివర ముడి వేసి.